మందు వేయని కణాలు

జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. అంతకుముందు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేశాను. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మన ఒంట్లోనూ కొద్దిగా పుడుతుంది, రక్తనాళాలు సడలడానికి కబురు మోస్తుంది. ఆ వాయువు తగలగానే పచ్చగా వెలిగే ప్రోబ్ అనే రసాయనాన్ని తయారుచేయడం నా పని. నాలుగో ఏట అది వెలిగింది. మా ఊరు చిట్యాలకు ఫోన్ చేసి బాపుకు చెప్పాను. అర్థం కాకపోయినా ఊరంతా చెప్పుకున్నాడు.

నెల తిరక్కుండానే లోపం బయటపడింది. ప్రతి కణంలోనూ మామూలుగా ఉండే గ్లూటాథయోన్ తగిలినా, గంటసేపు ఆగితే, నా ప్రోబ్ అలాగే వెలుగుతోంది. ఆ గంటసేపటి గ్రాఫ్ గైడ్ గారికి చూపించాను. ఆయన కోప్పడలేదు.

"పేపర్‌లో మొదటి పది నిమిషాలే చూపిద్దాం. అది అబద్ధం కాదు కదమ్మా," అన్నారు.

కాదనే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు లాభం. అచ్చయిన పరిశోధన పేపర్‌లో మొదటి పేరు నాదే.

నేను వచ్చేసే ఏడాది మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి ఒక అమ్మాయి ల్యాబ్‌లో చేరింది. ఒంట్లోకి వెళ్లాక మెల్లగా విడిపోయి ఆ వాయువును వదిలే ప్రోడ్రగ్ ఆమె తయారుచేయాలి. వాయువు వచ్చిందో లేదో చెప్పాల్సింది నా ప్రోబ్. నోట్‌బుక్‌లన్నీ ఆమెకిచ్చి, ఆ గ్రాఫ్ ఉన్న ఒక్కదాన్నీ నా పెట్టెలో వేసుకున్నాను.

ఆ మందు అణువు తయారు కావడానికే ఆమెకు రెండేళ్లు పట్టింది. కణాల మీద పరీక్షించడం మొదలయ్యాక ఫోన్ చేసింది. మందు వేసినవీ వెలుగుతున్నాయట, వేయనివీ వెలుగుతున్నాయట. ద్రావణాలు ఎన్నిసార్లు కొత్తగా కలిపినా అంతేనట. పనిలో శుభ్రత లేదని గైడ్ గారు అందరి ముందూ అన్నారట.

"నా చెయ్యే మంచిగ లేదా అక్కా? జర చెప్పు."

అప్పుడు ఆ గ్రాఫ్ సంగతి చెప్పాను.

"నీకు ముందుగాల్నే ఎర్కనా?"

"ఎర్కనే."

"నేను చేరిన్నాడే చెప్తే ఏమైతుండె?"

ఏమీ అయ్యేది కాదు. ఆమె వేరే ప్రోబ్ వాడుకునేది. నా డాక్టరేట్ కొంచెం ఆలస్యమయ్యేది. అంతే.

పేపర్ అచ్చువేసిన పత్రికకు నిజం రాశాను. వాళ్లు గైడ్ గారి వివరణ తీసుకుని, చిన్న సవరణ వేసి ఊరుకున్నారు. ఆ పేపర్ ఇంకా అక్కడే ఉంది. ఆమె మాత్రం చదువు మానేసింది.

పోయిన వేసవిలో భూపాలపల్లి బస్టాండులో కనిపించింది. ఇప్పుడు అక్కడే బడిలో సైన్స్ చెబుతోంది. మళ్లీ పీహెచ్‌డీలో చేరమని, కావలసిన ఉత్తరాలన్నీ నేనే రాస్తానని అన్నాను. కోపం లేకుండానే వింది.

"సీటు వస్తదక్కా. ఏడాదంత నా చేతుల్నే అనుమానపడ్డ. ఇప్పుడు గిన్నెల నీళ్లు పోసినా సరిగ్గ పోసిన్నా లేదా అని చూసుకుంట. గా అనుమానం ఎట్ల పోతది?"

చిట్యాల బస్సు వస్తే ఎక్కాను.