కుడివైపు మలుపు

మా వాడికి కూర్చోవడం రాదు. గ్రేహౌండ్ జాతి కుక్క తొడలు పరుగు కోసమే ఏర్పడ్డాయి. బలవంతంగా కూర్చోబెడితే పిరుదులు నేలకి ఆనీ ఆనకుండా ఉండిపోతాయి, అర నిమిషంలో కాళ్లు వణకడం మొదలవుతుంది. పోటీల్లో మిగతా కుక్కలన్నీ మొదటి గీత దగ్గర బుద్ధిగా కూర్చుంటే, మా వాడొక్కడే సిటీ బస్సు కోసం చూస్తున్న ఉద్యోగిలా నిలబడి ఉండేవాడు.

ఆ పోటీని అజిలిటీ అంటారు. కుక్కల అడ్డంకుల పరుగు. ఒక పెద్ద ఆవరణలో పదిహేను, ఇరవై అడ్డంకులు పెట్టి వాటికి వరసగా అంకెలు వేస్తారు. దూకాల్సిన కడ్డీలు, దూరి వెళ్లాల్సిన గుడ్డ గొట్టాలు, ఎక్కి దిగాల్సిన ఏటవాలు చెక్కలు, మెలికలు తిరుగుతూ దాటాల్సిన కర్రల వరస. ఆ క్రమం కుక్కకి తెలియదు, పక్కన పరిగెత్తే మనిషికి తెలుసు. చేత్తో, భుజంతో, గొంతుతో దారి చూపించాలి. ముట్టుకోకూడదు, తిండి చూపించకూడదు. ఒక్క కడ్డీ కింద పడినా ఆ పరుగు లెక్కలోకి రాదు. తప్పు లేని పరుగులు మూడు పూర్తిచేస్తే మొదటి అంచె దాటినట్టు.

నేను అమెరికాలో, నోవై అనే ఊళ్లో కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీర్ని. వాడు నా దగ్గరికి వచ్చేసరికి వాడికి నాలుగేళ్లు. వేరే రాష్ట్రంలో రేసులు పరిగెత్తి మానేసినవాడు. రెండు చెవుల లోపలా పచ్చబొట్టు అంకెలుండేవి. దత్తత ఇచ్చినవాళ్లు వాడితో పాటు ఒక కాగితాల కట్ట కూడా ఇచ్చారు. పరిగెత్తిన ప్రతి రేసూ, ఎన్ని సెకన్లు, ఎన్నో స్థానం, చివర ఒక చిన్న వ్యాఖ్య. వాడి మీద నాకు ప్రేమ పుట్టింది ఆ కాగితాలు చూశాకే అంటే అబద్ధం కాదు.

ఆఖరి రేసు ఎదురుగా "రెండో మలుపులో వెనకబడ్డాడు" అని ఉంది. ఆ తర్వాత రేసులు లేవు. ఆ వాక్యం నేను చదివాను. చదివి, పేజీ తిప్పి, వాడు గెలిచిన రేసుల సగటు వేగం లెక్కగట్టాను.

నా రూమ్మేట్ కరీంనగర్ అబ్బాయి. మాస్టర్స్ రెండో ఏడు. కుక్కలంటే భయం. మా వాడిని తెచ్చిన రోజు వంటింటి కౌంటర్ ఎక్కి కూర్చున్నాడు.

“అన్నా, గిది కుక్కనా జింకనా? బొక్కలు లెక్కవెట్టచ్చు. నువ్వు తిండి వెడ్తలేవని పోలీసోళ్లు వస్తరు.”

“గ్రేహౌండ్లు అంతేరా. సన్నగా ఉంటేనే ఆరోగ్యంగా ఉన్నట్టు.”

“మా అమ్మకు నా ఫొటో పంపి నేను గూడ గదే చెప్తున్న. నమ్ముతలేదు.”

రెండు వారాల్లో భయం పోయింది. నేను టెస్ట్ ట్రాక్‌కి వెళ్లే రోజుల్లో వాడిని నడకకి తీసుకెళ్లేది అతనే. చలికోటు తొడిగి, నాలుగు కాళ్లకీ బూట్లు వేసి, తిరిగొచ్చాక తన పెరుగన్నంలో నాలుగు ముద్దలు పెట్టేవాడు. పెరుగన్నం నా ఆహార పట్టికలో లేదని చెబితే, “నీ పట్టికను గూడ పెట్టుమంటవా?” అనేవాడు.

శిక్షణ ఇచ్చే ఆవిడకి అరవై దాటాయి. చాలా ఏళ్లు స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాక, ఒకప్పటి గుర్రపుశాలలో ఈ క్లాసులు పెట్టుకుంది. మొదటిరోజు మా ఇద్దర్నీ పైనుంచి కిందదాకా చూసింది.

“వేరే జాతి కుక్కలైతే నువ్వు తప్పు చెప్పినా సరిగ్గా చేసేస్తాయి. నీ వాడు నువ్వు సరిగ్గా చెప్పినా ఒకసారి ఆలోచిస్తాడు. ఓపిక ఉందా హనీ?”

“లిస్ట్ ఉంది,” అన్నాను. ఆవిడ గుర్రపుశాల అంతా వినబడేలా నవ్వింది.

నిజంగానే ఉంది. ప్రతి సాధననీ వీడియో తీసి, ఇంటికొచ్చి, అడ్డంకికీ అడ్డంకికీ మధ్య పట్టిన సమయాన్ని షీట్‌లో ఎక్కించేవాణ్ణి. రెండు నెలలయ్యేసరికి ఒక విషయం స్పష్టంగా కనిపించింది. ఎడమవైపు మలుపు వాడు సెకనుంబావులో తిరిగేవాడు. అదే మలుపు కుడివైపుకి ఉంటే రెండు సెకన్లు పట్టేది. బిగించి తిరగాల్సిన చోట బాగా వెడల్పుగా, పడవలా తిరిగేవాడు.

కారణం నాకు వెంటనే దొరికింది. రేసు ట్రాక్ మీద కుక్కలు ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతాయి. వాడి జీవితంలో కుడి మలుపు లేదు. షీట్‌లో కారణం అనే గడిలో "అలవాటు" అని, పరిష్కారం అనే గడిలో "సాధన" అని రాశాను. రోజుకి ఇరవై కుడి మలుపులు, పదేసి చొప్పున రెండు విడతలు. మెడలో చిన్న టైమర్ వేసుకునేవాణ్ణి. అది మూడు బీప్‌లు కొడుతుంది. మూడో బీప్‌కి వాడు పరిగెత్తాలి. వారం తిరక్కుండానే ఆ శబ్దానికి అలవాటుపడ్డాడు. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, మొదటి బీప్‌కే లేచి నిలబడేవాడు.

నవంబర్‌లో మొదటి మంచు పడిన వారం. మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో, మెట్లు బయట. రూమ్మేట్ వాడిని నడిపించుకొచ్చి, తలుపు దగ్గర వంగి బూట్లు విప్పుతూ అన్నాడు.

“అన్నా, మెట్లెక్కుతుంటె ఎప్పుడన్న సూసినవా? కుడిదిక్కు ఎనకకాలు సక్కగ మోపుతలేడు. రెండు మెట్లకోపారి ఎగురుతుండు.”

“మంచు కదరా. జారుతుందేమో.”

“మెట్ల మీద మంచేడిది? కరగనీకి ఉప్పు చల్లిన్రు.”

“సరే, రాసుకుంటాను.”

“రాసుకునుడు కాదన్నా, డాక్టర్‌కు సూపియ్యి.”

“నోట్ చేశానన్నాను కదా.”

నా ఫోన్‌లో వాడి కోసం ఒక జాబితా ఉంది. ఒకటి, గీత దగ్గర నిలబడే ఉంటాడు, కూర్చోబెట్టొద్దు. రెండు, పరుగుకి ముందు చలికోటు తీసేసింది మొదలు రెండు నిమిషాలు దాటకూడదు. అలా ఆరు ఉన్నాయి. ఏడోది ఆ రోజు చేర్చాను: "మెట్లు. కుడి వెనక కాలు. చూడాలి."

ఆఫీసులో మా పని అదే. పరీక్షలో ఏ చిన్న చప్పుడు వినబడినా, ఏ చిన్న వణుకు తగిలినా జాబితాలో ఎక్కిస్తాం. ఎక్కిస్తే మన బాధ్యత తీరినట్టు. సోమవారం మీటింగ్‌లో ఇంకొకరు దాన్ని తెరిచి, ఎవరికో అప్పగించి, తేలేదాకా వెంటపడతారు. ఆ పద్ధతిలో ఆరేళ్లు పనిచేశాక, రాయడం అంటేనే పని పూర్తవడం అన్న భావన ఒంట్లోకి ఇంకిపోతుంది. నా ఫోన్‌లో జాబితాకి సోమవారం మీటింగ్ లేదు. ఆ ఇంకొకరు లేరు.

ఆ సాయంత్రం వాడి కాలు నొక్కి చూసిన మాట నిజమే. వాడు మూలగలేదు, కాలు లాక్కోలేదు. చెవులు వెనక్కి పెట్టి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు, అంతే. నేను దాన్ని నొప్పి లేదనడానికి రుజువుగా తీసుకున్నాను. మర్నాడు ఇరవై మలుపులు పూర్తిచేశాం.

జనవరి చివరికి రెండు తప్పులేని పరుగులు చేతికొచ్చాయి. అంతకంటే నాకు గొప్పగా అనిపించింది వేరే. కుడి మలుపు సమయం వారం వారం తగ్గుతూ వచ్చి ఎడమ మలుపు గీతని కలుసుకుంది. ఆ గ్రాఫ్ శిక్షకురాలికి పంపితే, ఆవిడ ప్రింట్ తీసి గుర్రపుశాల గోడకి టేప్‌తో అంటించింది. “చూడండి, కుక్కని ఇలా చదవాలి,” అని కొత్తవాళ్లకి చూపించేది. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి.

మూడో పరుగు ఫిబ్రవరిలో, రెండు గంటల దూరంలో, గుర్రాల కోసం కట్టిన ఒక ఇండోర్ ఆవరణలో. కింద ఇసుక కలిపిన మట్టి. రూమ్మేట్ కూడా వచ్చాడు, ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని. పార్కింగ్‌లో కారు వెనక తలుపు తీసి, చాలాసేపు అక్కడే వంగి ఉన్నాడు.

“అన్నా, దిగుతలేడు. నేనే ఎత్తుకొని దించిన.”

“రెండు గంటలు ముడుచుకు పడుకున్నాడు కదా. కాళ్లు పట్టేసి ఉంటాయి. కాసేపు నడిపిస్తే సర్దుకుంటుంది.”

“ఇయ్యాల వద్దు తియ్. ట్రయల్స్ మల్ల ఉండయా?”

“ఉంటాయి. కానీ ఈ కోర్స్ మ్యాప్ చూడు. పదిహేను అడ్డంకులు, తొమ్మిది కుడి మలుపులు. ఇంతకాలం చేసిందంతా దీనికే. ఇలాంటిదే కావాలి.”

“నీకు గావాలె. వాడికి పెరుగన్నం గావాలె.”

నేను నవ్వాను. పది నిమిషాలు నడిపించాను. ఆ పది నిమిషాల్లో వాడు మామూలుగానే నడిచాడని రాయాలని ఉంది. నిజానికి నేను చూడలేదు. నడిపిస్తూ కోర్సు వల్లెవేసుకుంటున్నాను.

మా వంతు వచ్చింది. వాడు గీత దగ్గర నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు ఫోన్లు తీశారు, గ్రేహౌండ్ పోటీలో కనబడటం అరుదు కాబట్టి. మొదటి కడ్డీ, రెండోది, గొట్టం, కుడి, వాలు చెక్క, కుడి, కర్రల వరస. అన్నీ షీట్‌లో ఉన్నట్టే. పదకొండో కడ్డీ దూకి, నా చెయ్యి చూసి, బిగించి కుడికి తిరిగాడు. వాడు తిరిగిన మలుపులన్నింటిలోకీ అందమైనది అదే. తర్వాత నాలుగు అడ్డంకులూ దూకి గీత దాటాడు. ఒక్క కడ్డీ కదల్లేదు. చప్పట్లు కొట్టారు.

నేను మొదట చూసింది గోడ మీద గడియారాన్ని. ముప్పై ఒకటి పాయింట్ ఎనిమిది. ఆ అంకె చూసి, రెండు చేతులూ పైకెత్తి, అప్పుడు వాడివైపు తిరిగాను.

వాడు మూడు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు. కుడి వెనక పాదం, మడమ కీలు దగ్గర్నుంచి, వాడిది కానట్టు వేలాడుతోంది. మూతి వణుకుతోంది. తోక ఊపుతున్నాడు.

రూమ్మేట్ కంచె మీదనుంచి దూకి వచ్చాడు. “పదకొండో దానికాడ ఏదో ఇరిగిన సప్పుడయింది అన్నా. నీకు ఇనరాలే?” నాకు వినబడలేదు. అంటే చివరి నాలుగు అడ్డంకులూ వాడు విరిగిన కాలితోనే దూకాడు, నేను చెయ్యి చూపించాను కాబట్టి. తప్పు లేని పరుగుకి ఇచ్చే ఆకుపచ్చ రిబ్బన్ ఎవరో తెచ్చి నా జేబులో పెట్టి వెళ్లారు.

దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో డాక్టర్ నాకంటే పెద్దగా వయసున్న మనిషి కాదు. ఎక్స్‌రే తెర మీద పెట్టి పెన్సిల్‌తో చూపించింది. మడమ కీలు మధ్యలో ఒక చిన్న ఎముక. అది ఐదారు ముక్కలైంది. ఒక అంచు మిగతావాటికంటే మసకగా, గుండ్రంగా ఉంది. అది పాత పగులు అంది. రేసు కుక్కల్లో తరచూ కుడికాలికే వస్తుందట. ఎప్పుడూ ఎడమకి తిరుగుతాయి కాబట్టి బయటివైపు కాలు మీద భారం పడుతుంది. ఇది సగం అతుక్కుని మళ్లీ పగలడం మొదలైందని, బిగించి కుడికి తిప్పినప్పుడల్లా అక్కడ మెలిపడుతుందని చెప్పింది.

“వెడల్పుగా తిరుగుతుండేవాడా?” అని అడిగింది.

“అవును. నేను సరిచేశాను.”

ఆవిడ ఫారంలో ఒక గడి దగ్గర పెన్సిల్ ఆపింది. “కుంటడం ఎప్పుడు మొదలైంది? సుమారుగా చెప్పినా చాలు. చాలామంది గుర్తులేదంటారు.”

నాకు సుమారుగా అక్కర్లేదు. ఫోన్ తీశాను. ఏడో అంశం కింద తేదీ ఉంది, సాయంత్రం ఎన్ని గంటలకు రాశానో కూడా ఉంది. చదివి, ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ రాసుకుంది. అప్పుడే తీసుకొచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆరేడు వారాలు పరుగు మాన్పించి కట్టు కడితే సరిపోయేదేమోనంది. తర్వాత, మామూలు గొంతుతో, “మీ రికార్డులు చాలా బాగున్నాయి,” అంది. వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

రెండు దారులు చెప్పింది. ప్లేటు, స్క్రూలు వేసి కీలుని కదలకుండా బిగించడం ఒకటి. కాలు తీసేయడం రెండోది. నేను మొదటిది ఎంచుకున్నాను. ఐదో వారానికి చీము పట్టింది, స్క్రూలు వదులయ్యాయి. ఆరో వారంలో కాలు తీసేశారు.

ఇంటికి తెచ్చిన రోజు వాడిని రూమ్మేట్ ఎత్తుకుని మెట్లెక్కాడు. కోటు విప్పి, పక్క మీద పడుకోబెట్టి, ముందు కాలు నిమురుతూ కూర్చున్నాడు. నావైపు చూడకుండానే అన్నాడు.

“ఆ దినం నేను ఇంకోపారి చెప్పుండాల్సింది అన్నా. ఒక్కపారి చెప్పి ఊకున్న.”

నువ్వు చెప్పావు, వినాల్సింది నేను అని ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పులో కొంత భాగం అతను మోస్తానంటే, ఆ కాసేపటికి నాకు తేలికగా అనిపించింది. తర్వాత చెప్పాను గానీ, అప్పటికి వారం గడిచిపోయింది. “సరే తియ్,” అన్నాడు.

శిక్షకురాలు ఫోన్ చేసి ఏడ్చింది. గోడ మీద గ్రాఫ్ తీసేశానంది. సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. మూడు పరుగులూ నిబంధనల ప్రకారం చెల్లాయి కాబట్టి ఇచ్చారు. దాన్ని కవరులోంచి తియ్యలేదు. ఏడో అంశం ఇప్పటికీ జాబితాలోనే ఉంది. "చూడాలి" అన్న మాట మార్చడానికి రెండు మూడు సార్లు తెరిచాను. ఏం రాయాలో తెలియక మూసేశాను.

వాడు ఇప్పుడు రోజంతా కిటికీ దగ్గర పడుకుంటాడు. పడుకునే ముందు ఒక చుట్టు తిరుగుతాడు, ఎడమవైపుకే.

మా మైక్రోవేవ్ కూడా పని పూర్తవగానే మూడు బీప్‌లు కొడుతుంది. కాలు తీసేశాక వారం రోజుల దాకా మాకిద్దరికీ అది తట్టలేదు. ఒక మధ్యాహ్నం అన్నం వేడిచేస్తుంటే మొదటి బీప్‌కే వాడు లేచాడు. కుట్లు ఇంకా తీయలేదు. గోడకి ఒరిగి, తూలి, మూడు కాళ్ల మీద తిన్నగా నిలబడి, నా చెయ్యివైపు చూశాడు.

అప్పటినుంచి రూమ్మేట్ ఏది వేడిచేసినా మైక్రోవేవ్ ముందే నిలబడతాడు. అంకెలు దిగుతుంటే వాటివైపే చూస్తూ, ఒక్క సెకను మిగిలి ఉండగా తలుపు లాగేస్తాడు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఎక్కడా రాసుకోలేదు కూడా.

నేను జాబితాలో ఎనిమిదో అంశంగా రాసుకున్నాను. అయినా నిన్న మరిచిపోయాను.