తమ్ముడికి చుక్క పేరు, నాకు తాత పేరు

ముందే చెబుతున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. సగం తీసేసి చదువుకోండి.

పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం మా ఇంటి ఆచారం కాబట్టి నాకు అదే తగిలించారు. తమ్ముడికి మాత్రం మా అవ్వ ఆకాశమంతా గాలించి ధ్రువనక్షత్రం పేరు ఏరి తెచ్చింది. "కదలని చుక్క అబ్బయ్యా, దారి తప్పినోళ్లకి దారి చూపించేది" అని ఊరంతా చాటింది. ఆ కదలని చుక్క ఇప్పుడు ఆత్మకూరులో కాపురముంటూ నెలకోసారి ఉదయగిరిలో మా ఇంటికి వస్తాడు. వాడు బస్సు దిగగానే అవ్వ ఆ పేరు పెట్టి పిలిచే కేకకు పక్క మండలం వరికుంటపాడులో కుక్కలు మొరుగుతాయి. రోజూ కాఫీ అందించే నన్ను మాత్రం "ఒరే పెద్దోడా" అంటుంది.

కడుపు మండి మొన్న అడిగేశాను. "తాత పోయి ఇన్నేళ్లయింది గదా అవ్వా, ఒక్కసారన్నా నన్ను పేరుతో పిలవ్వేం?"

"పోతే మాత్రం, మొగుడి పేరు నోటితో ఎట్టా అనేదిరా? సిగ్గు గాదూ!" అని ముసిముసిగా నవ్వింది. "మనసులో నిన్నే ఎక్కువసార్లు పిలుస్తాలే" అంది.

కుక్కలు నిజంగానే మొరుగుతాయి. నేను కల్పించింది అవ్వ అన్న ఆ చివరి మాట ఒక్కటే.