జీవరత్నం గారి పెన్సిల్ చుక్కలు

దయ్యాల వార్తలు కొట్టేయడం ఒకప్పుడు నా ఉద్యోగంలో భాగం. పత్రికలో సబ్ ఎడిటర్‌గా ఉన్నప్పుడు ఊళ్ళ నుంచి వచ్చే కాగితాల్లో 'అని చెప్పుకుంటున్నారు' అన్న మాట కనబడితే ఎర్ర సిరాతో గీత పెట్టేవాణ్ణి. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, పక్కన ఇంకెవరున్నారు అని అడిగేవాణ్ణి. జవాబు లేకపోతే కాగితం బుట్టలోకే. ఇప్పుడు రాస్తున్నదాంట్లో ఆ మూడింటికీ జవాబు ఉంది. అయినా నాకు అర్థం కాలేదు.

తొంభైల మొదట్లో కొన్నేళ్ళు పత్రిక మానేసి, రేపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. తెనాలి నుంచి రోజూ పాసింజరు బండిలో వెళ్ళివచ్చేవాణ్ణి. ఎకనామిక్స్ చెప్పే జీవరత్నం గారు బాపట్ల నుంచి బస్సులో వచ్చేవారు. అప్పటికే ఆయనది ఇరవై ఏళ్ళ సర్వీసు.

హాజరు వేయడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. క్లాసులో సిరా వాడరు. వచ్చినవాడి గడిలో పెన్సిల్‌తో కుడివైపుకి ఒరిగిన చిన్న చుక్క పెడతారు. రానివాడి గడి ఖాళీ. శనివారం స్టాఫ్ రూములో కూర్చుని ఆ చుక్కల మీద సిరా దిద్దుతారు. ఒకడి బదులు ఇంకొకడు పలికితే తల ఎత్తకుండానే పట్టేస్తారు.

"ఏంటి నాయనా, ఇవాళ నీ గొంతు మారింది?"

"జలుబండి."

"జలుబు నీకా, చీరాలలో సినిమా చూస్తున్న మీవాడికా?"

క్లాసంతా ఘొల్లుమనేది.

ఒక జనవరి నెలాఖరు సోమవారం ఆయన బస్సులోనే పోయారు. చెరుకుపల్లి దాటాక పక్కసీటు ఆయన లేపబోతే లేవలేదట. ఆ కబురు మాకు మధ్యాహ్నం దాటాక అందింది. మర్నాడు కాలేజీకి సెలవిచ్చి అందరం బాపట్ల వెళ్ళాం. చర్చి ఆవరణ నిండా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే.

తర్వాత ప్రిన్సిపాల్ గారు నా ఎదురుగానే ఆయన సొరుగు తెరిచి, బి.ఏ. ఫైనలియర్ హాజరు రిజిస్టరు నాకు అప్పగించారు. నేను దాన్ని తెరవకుండానే నా బీరువాలో పెట్టి తాళం వేశాను. కొత్త లెక్చరర్ దొరకలేదు. ఆ పీరియడ్ ఖాళీగానే ఉండిపోయింది.

మూడు వారాలకి యూనివర్సిటీకి హాజరు లెక్కలు పంపాల్సి వచ్చింది. డెబ్బై అయిదు శాతం లేనివాళ్ళకి హాల్ టిక్కెట్ రాదు. జీవరత్నం గారు పోయేముందటి శనివారం వరకు ఎకనామిక్స్ పీరియడ్లు నూరు జరిగినట్టు ఆఫీసు లెక్క. నగరం అన్న పక్క ఊరి నుంచి వచ్చే సలోమీ అనే అమ్మాయికి వాటిలో డెబ్బై రెండే ఉన్నాయి. వాళ్ళమ్మకి ఆపరేషనయితే గుంటూరు ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకుంది. ఈ పరీక్ష రాయకపోతే చదువు మాన్పించేస్తామని మేనమామ చెప్పేశాడు.

జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్ పెడితే ప్రిన్సిపాల్ మినహాయింపు ఇవ్వచ్చు. ఆ మాటే గుమాస్తా చెప్పాడు.

"జబ్బు మా అమ్మకండి, నాకు కాదు. లేని జబ్బు ఎలా రాయించనండి?" అంది.

"అయితే పరీక్ష వచ్చే ఏడాది రాసుకో తల్లీ," అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను రిజిస్టరు తెరిచాను. ఎక్కడైనా కూడిక తప్పిందేమోనని నా ఆశ. కూడిక తప్పలేదు. అయితే సిరా దిద్దిన నూరు వరుసల తర్వాత, పెన్సిల్ చుక్కలతో ఇంకో పన్నెండు నిలువు వరుసలున్నాయి, తేదీలతో సహా. మొదటి తేదీ ఆయన పోయిన రోజుది. ఆ రోజు ఆయన కాలేజీకి చేరనే లేదు. మేం బాపట్ల వెళ్ళిన రోజు తేదీ మాత్రం లేదు.

పిల్లల పనే అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. కానీ బీరువా తాళం నా దగ్గర ఉంటుంది, రెండోది ప్రిన్సిపాల్ గారి ఇనప్పెట్టెలో. వెళ్ళి క్లాసులో అడిగాను.

"ఖాళీ పీరియడ్లో ఏం చేస్తున్నారు?"

"కూర్చుంటున్నామండి. సలోమీ సార్ నోట్సు చదువుతుంది, మేం రాసుకుంటాం."

"ఎవరూ రారుగా? ఇంటికి పోవచ్చుగా?"

వెనక బెంచీలో ఒకడు మెల్లగా అన్నాడు: "లేవబుద్ధి కాదండి."

ఆ సాయంత్రం బండిలో కుదురుగా కూర్చోలేకపోయాను. తెనాలి దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఇంట్లో అన్నం దగ్గర కూడా అదే ధ్యాస.

మర్నాడు పరీక్షించి చూద్దామనుకున్నాను. ఎకనామిక్స్ ఉండే మూడో పీరియడ్‌కి ముందు రిజిస్టరు తీసి, కొత్త వరుస ఏదీ లేదని చూసుకుని, పురికొసతో కట్టి రెండు ముళ్ళు వేశాను. చంకలో పెట్టుకుని క్లాసుకి వెళ్ళాను. విడి కాగితం మీద నంబర్లు వేసుకుని, అవి పిలుస్తూ నా పెన్నుతో టిక్కులు పెట్టుకున్నాను. ముప్పై నాలుగుమంది పలికారు. రిజిస్టరు చంకలోంచి దించలేదు. తిన్నగా స్టాఫ్ రూముకి వచ్చి ముళ్ళు విప్పాను.

పదమూడో వరుస ఉంది. పైన ఆ రోజు తేదీ. కిందకి కుడివైపుకి ఒరిగిన చుక్కలు. నా కాగితం పక్కన పెట్టి ఒక్కొక్కటే సరిచూశాను. చుక్కలు ముప్పై మూడే. ఇరవై ఏడో నంబరు గడి ఖాళీ. నా కాగితంలో ఇరవై ఏడుకి టిక్కు ఉంది.

మళ్ళీ క్లాసుకి వెళ్ళి ఇరవై ఏడో నంబరు లేచి నిలబడమన్నాను. ఎవరూ లేవలేదు. కాసేపటికి రెండో బెంచీ కుర్రాడు లేచాడు.

"వాడు రాలేదండి. నేనే పలికానండి. ఇంకెప్పుడూ పలకనండి."

వాణ్ణి కూర్చోమని స్టాఫ్ రూముకి తిరిగొచ్చాను.

నూటికి డెబ్బై రెండు వచ్చిన సలోమీకి ఆ పదమూడు వరుసల్లోనూ చుక్కలున్నాయి. నూట పదమూడుకి ఎనభై అయిదు. డెబ్బై అయిదు శాతం దాటింది. రిజిస్టరు అలాగే పట్టుకెళ్ళి ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాను. చుక్కల మీద సిరా దిద్దలేదు.

"ఈ పీరియడ్లు ఎవరు తీసుకున్నారండి?" అన్నారు.

"తెలియదండి. పిల్లలు మాత్రం కూర్చున్నారండి," అని జరిగింది జరిగినట్టు చెప్పాను. నవ్వుతారనుకున్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. పేజీని కిటికీ వైపు తిప్పి ఒక్కో వరుసా వేలితో తడుముతూ చూశారు. ఆయనా జీవరత్నం గారూ ఒకే ఏడాది ఆ కాలేజీలో చేరినవాళ్ళు. "ఇవాళ శనివారం కదండీ," అన్నారు. పెన్ను తీసి, పదమూడు వరుసల చుక్కల మీదా తనే సిరా దిద్దారు. కింద సంతకం పెట్టి రిజిస్టరు గుమాస్తాకి పంపించారు. ఆ విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

సలోమీకి హాల్ టిక్కెట్ వచ్చింది. పరీక్ష రాసింది, పాసయింది. ఆ చుక్కల సంగతి ఆమెకి ఈనాటికీ తెలియదు. మరుసటి ఏడాది నేను మళ్ళీ పత్రికకి వెళ్ళిపోయాను.

మొదటి పన్నెండు వరుసలకీ ఏదో ఒక సమాధానం చెప్పుకోగలను. దొంగ తాళంచెవి అనుకోవచ్చు, ఆయన రాతని అనుకరించగల పిల్లవాడెవడో ఉన్నాడనుకోవచ్చు. పదమూడోది పడినప్పుడు మాత్రం రిజిస్టరు నా చంకలో ఉంది. ఆ క్లాసులో ఒకడి బదులు ఇంకొకడు పలికాడని అప్పటికి నాకే తెలియదు.