ఎద్దు కంట్ల పొర

మొన్న సూర్యాపేట అంగడిల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో ఇంకొకడు లేనిది కలిపి చెప్పకముందే నేనే చెప్తున్న, ఇనుండ్రి.

మా బామ్మర్ది లింగయ్యది త్రిపురారం. దుక్కులు ముంగటవడ్డయి, జోడెడ్లల ఒకటి సచ్చిపోయింది. ఎద్దును కొనాలె, నువ్వు సూస్తే సాలు బావా అన్నడు. అనడా మరి? నలభై ఏండ్ల సంది వేములపల్లి సుట్టుపక్కల నేను మంచిదన్న ఎద్దునే కొంటరు.

బొగ్గులతోని నడిసే బస్సెక్కి పోయినం. మిట్టమధ్యాహ్నం. ఈ నడుమ ఎండల నాకు ఎదురుంగ ఉన్నోడు పొగల నిలవడ్డట్టే ఉంటడు. దుమ్మనుకున్న.

కోదాడ దిక్కు రైతు ఒకాయన తన ఎద్దును సూపెట్టిండు. పండ్లు సూసిన, గిట్టలు తట్టిన, వంక లేదు. కండ్లు సూస్తే మసక. పొర వచ్చింది, వద్దన్న. ఇంకోటి తెచ్చిండు. దానికీ పొరే. మూడోదానికీ పొరే. నాకు మండింది. గుడ్డి గొడ్లను తోలుకొచ్చి మోసం చేస్తున్నవా అని నలుగురు ఇనంగ అడిగిన.

ఆయన గొంతు లేపలే. నా మొకంలకు వంగి సూసిండు.

"పెద్దాయనా, పొర మా ఎద్దుకి లేదండీ. మీ ఎడం కంట్లో ఉంది. తెల్లగా కనపడుతోంది."

నన్నా అనేది? లింగయ్య దిక్కు తిరిగిన, నా తరఫున కొట్లాడుతడని. వాడు నా కన్ను సూసిండు. పోయి ఆ మొదటి ఎద్దునే బేరం చేసిండు.

తెల్లారి నన్ను మిర్యాలగూడ దవాఖానకు గుంజుకపోయిండు. డాక్టరు బ్యాటరీ లైటు ఏసి సూసిండు. దీపం సుట్టు వలయాలు కనవడతున్నయా, తెల్లబట్ట పసుపుగ కొడుతున్నదా అని అడిగిండు. అవునన్న, దీపంల పోసే గ్యాస్ నూనెల కల్తీ, చాకలోడు సరిగ ఉతుకుతలేడు అన్న. అది మోతిబిందు అన్నడు. కంటి లోపలి బిళ్ళ తెల్లవడ్డదట. చుక్కల మందుకు పోదట, ఆపరేషన్ చేసి తీయాలెనట.

నొప్పి లేనిది రోగమెట్లయితదని కొట్లాడిన. నొప్పి ఉండదు, అందుకే మీకు తెలువలే అన్నడు. నేను నమ్మలే. సరే, మీరే సూసుకోండ్రని అద్దం ఇప్పిచ్చిండు.

సూసిన. అద్దం మురికిగున్నది, తుడువుమన్న. కంపౌండర్ తుడిసిండు. ఇంక మంచిగ తుడువుమన్న. మళ్ళ తుడిసిండు.

మూడోసారి చెప్పనీకి నోరు తెరిసి, మూసుకున్న.