దిండు గుర్తూ, గ్లాసెడు గని నీళ్ళూ

బంగారు గని సైరను మోగినంత కాలం మా కేజీఎఫ్‌లో ఓట్లడగడం ఎంత తేలికో ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు. షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర దండం పెట్టి నిలబడితే సగం నియోజకవర్గం కళ్ళముందే నడిచిపోయేది. తరువాత గనులు మూతపడ్డాయి. ఆపైన ఎవరో మ్యాపు ముందేసుకుని నియోజకవర్గాల గీతలు మార్చారు. పక్కనున్న బేతమంగళం సీటు మాయమై, రాగిచేలూ మామిడితోటలూ ఉన్న పల్లెలు కొన్ని వచ్చి మా కార్మికుల కాలనీలకు అతుక్కున్నాయి.

సరిగ్గా అప్పుడే, గనిలో పనిచేసి ఇంటికొచ్చేసిన మా మేనమామ ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. టార్చిలైటు గుర్తు అడిగితే దిండు ఇచ్చారు. ("మంచిదే, గెలిచినోళ్ళంతా చేసేది అదే గదా" అన్నది మా అత్త.) గెలిస్తే నన్ను పీయేగా పెట్టుకుంటానన్నాడు. డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్న నాకు అంతకుమించిన ఆశ లేదు. అందుకే ప్రచారం ఆటోలో మైకు పట్టుకుని ప్రాణం పెట్టి అరిచాను.

మామది ఒకటే మాట: మునిగిన గనుల్లోంచి నీళ్ళు తోడించి మళ్ళీ పని మొదలుపెట్టిస్తా. కాలనీల్లో చప్పట్లే చప్పట్లు. కొత్తగా అతుక్కున్న పల్లెల్లో, క్యాసంబళ్ళి వైపు పోతే మాత్రం ఒక్కరూ తలెత్తి చూడలేదు. బోరు ఎండినవాడికి బంగారం మాట ఎక్కుతుందా? అక్కడ నా బుర్ర పనిచేసింది. "తోడిన నీళ్ళు పారబోస్తామా అప్పా? అన్నీ మీ చేలకే. కొబ్బరినీళ్ళ మాదిరి ఉండాయి" అని మైకులో వదిలాను. మామ ఇంకా కాలనీల్లోనే తిరుగుతున్నాడు కాబట్టి ఆయన చెవిన పడలేదు.

క్యాసంబళ్ళి సంతరోజు మామ స్వయంగా వచ్చి మాట్లాడుతుండగా, పాలు పోసే ముసలమ్మ ఒకతె ఆవును పట్టుకుని ముందుకొచ్చింది. వెనకే క్యానుతో ఆమె కొడుకు. మూతపడిన గని షాఫ్టులోంచి తోడుకొచ్చాడట. (ఎలా తోడాడని అడక్కండి. ఆ ఊళ్ళో కోతలు కోసేది నేనొక్కడినే కాదు.)

"ఏమప్పా దిండాయనా, ఇయి నీ గని నీళ్ళే. కొబ్బరినీళ్ళంట గదా, ఒక గ్లాసు తాగి చూపీ."

"ఆ నీళ్ళల్లో నడుములోతు నిలబడి పనిచేసినోణ్ణమ్మా. కాళ్ళు కడగాలన్నా భయపడతా ఉంటిమి. కొబ్బరినీళ్ళని నేను యాడ చెప్పినాను?" అని మామ నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "ఒరే అల్లుడా, మైకులో చెప్పినోడే తాగల్ల. దిగు."

దిగాను. గ్లాసులో నా పీయే కుర్చీ తేలుతూ కనిపించింది. కళ్ళు మూసుకుని ఎత్తబోతుంటే ముసలమ్మే చెయ్యి పట్టుకుంది.

"ఉండు నాయనా, పెండ్లి కావాల్సినోడివి. ముందు ఆవుకు పెడతాం."

బకెట్టులో పోసింది. ఆవు వాసన చూసింది, మామను ఒకసారి, నన్ను రెండుసార్లు ఎగాదిగా చూసింది, తోక విసిరి వెళ్ళిపోయింది. దాని వెనకే సంత మొత్తం కదిలింది.

"ఇంగ ఓట్లు లెక్కబెట్టే పని లేదురా" అన్నాడు మామ, కండువా మడుచుకుంటూ.

ఓడిపోయాం. ఆ ఊళ్ళో మాకు పడినవి ముసలమ్మ ఇంటి ఓట్లేనట. "ఆయప్ప నిజం చెప్పినాడు గదా" అన్నదట. నా మాట మాత్రం ఎత్తలేదట.

మొన్నటి ఎన్నికల్లో మా వీధిలోకి మైకు ఆటో వచ్చింది. గనులు తెరిపిస్తాం, చేలకు నీళ్ళిస్తాం అంటూ ఎవరో కుర్రవాడు ఊపిరి తీయకుండా చెబుతున్నాడు. గొంతులో దమ్ముంది, ముచ్చటేసింది. లోపలికెళ్ళి ఒక గ్లాసు శుభ్రంగా కడిగి తెచ్చి, వాడికి కనబడేలా గడపలో పెట్టుకుని కూర్చున్నాను.