గోడలో వాకిలి

తమలపాకుకి సున్నం రాసుకున్నప్పుడల్లా నాకు గోడ వాసన వస్తుంది. మా అపార్టుమెంటు వాళ్లు వెనకవైపు కాంపౌండు గోడ లేపుతామన్నప్పటినుంచి ఆ వాసన మరీ ఎక్కువైంది. ఆకు నోట్లో పెట్టుకోగానే మద్రాసు పెరంబూరులో మా వీధి, వీధి చివర మైదానం, యాభైలలో మేమంతా చేతులారా మూయించుకున్న దారి గుర్తొస్తాయి.

మా వీధికి ఒక పక్క రైలు పట్టాలు, వాటి దగ్గర ఎప్పుడు చూసినా పడి ఉండే గేటు. ఇంకో పక్క మురుగు కాలువ. వెనక ఇటుకల గోదాము. మాకు ఊపిరాడేది మైదానం వైపు ఒక్కటే. నడివేసవి కత్తిరి ఎండల్లో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి దానిమీదుగానే వచ్చేది. ఆడపిల్లలం అక్కడే తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, పెద్దవాళ్లు వడియాలూ ఊరమిరపకాయలూ ఎండబెట్టేవాళ్లు, ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, గంగమ్మకు పెద్ద అండాల్లో రాగి అంబలి కాచి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, మునగాకు వేపుడు నంజుకుంటూ వీధి వీధంతా అక్కడే తాగేది. మా అవ్వకైతే ఆ మైదానం బతుకుదెరువు. తెల్లారగానే అంబలి కుండ నెత్తిన పెట్టుకుని, మైదానానికి అడ్డంగా పడిన కాలిబాటన నడిచి, సంగు, అంటే కార్ఖానా సైరను, కూసేలోపల కార్ఖానా గేటు చేరేది. సంగు కూశాక కూలీలు లోపలికి పోతారు, ఇంక కుండ ముట్టేవాడుండడు.

ఒకనాడు ఒక ఆఫీసరు వచ్చి, మైదానంలో క్వార్టర్సు కడతారని, చుట్టూ గోడ వస్తుందని, వీధివాళ్లేమంటారో కనుక్కోవడానికి వచ్చానని చెప్పాడు. వీధి పెద్ద మునుసామి తాత ఆయన్ని బెంచీమీద కూర్చోబెట్టి, నెత్తిన కుండతో ఆడమనిషి పోయేంత వాకిలి గోడలో వదలమని అడిగాడు. ఆయన అరవంలో "పాక్కలాం" అన్నాడు, చూద్దాంలే అని. తాత తమలపాకుల ఇత్తడి పళ్లెం ముందుకు జరిపితే ఒక ఆకు తీసుకున్నాడు. మా వీధిలో పెళ్లి కుదిరినా, తగువు తీరినా, ఆ పళ్లెంలో ఆకు తీసుకుంటే మాట ఇచ్చినట్టే. పాపం ఆయనకది మర్యాద, మాకు ఒప్పందం.

అభ్యంతరాలుంటే రాసిమ్మని కూడా చెప్పి వెళ్లాడు. వీధిలో నాలుగక్షరాలు వచ్చిన టైలరు అర్జీ రాసుకొచ్చి సంతకాలు అడిగితే తాతకు ఒళ్లు మండింది.

"ఆకు తీసుకున్న మనిషిని కాయితం అడిగేదా? ఆయన మొగాన ఉమ్మినట్టు కాదా అది?"

ఒక్కరూ వేలిముద్ర వెయ్యలేదు. అందరికంటే ముందు తల తిప్పుకున్నది మా అవ్వే.

గోడకోసం గానుగలో సున్నం తిరగడం మొదలైంది. ఆ తడి సున్నపు ఘాటు మా అన్నంలోకి, బట్టల్లోకి కూడా వచ్చింది. వాకిలి ఎక్కడ వదుల్తారని రోజూ వాదన. కాలిబాట దగ్గరేనని అవ్వ, కాదు వేపచెట్టు దగ్గరని తాత. అవ్వ మేస్త్రీలకు ఊరికే అంబలి పోసేది. గోడ నా మోకాళ్లు దాటింది, తల దాటింది.

"తరవాత ఆడ పగలగొట్టి వాకిలి పెడ్తార్లే, మొదలే వదిల్తే గోడ నిలవదు," అంది అవ్వ.

మేస్త్రీలు పరంజా విప్పుకుని వెళ్లిపోయారు. గాలి ఆగిపోయింది. ఆ ఏడు అంబలి పండగ ఇరుకు వీధిలో, ఒకరి మోచెయ్యి ఒకరికి తగుల్తూ చేసుకున్నాం. అవ్వ రైల్వే గేటు మీదుగా చుట్టు తిరిగి వెళ్లేది. గేటు లేచేసరికి సంగు కూసేసేది. నిండు కుండ అలాగే తిరిగొస్తే, పుల్లబడిన ఆ అంబలే మాకు రాత్రి కూడు. నాకు ఏడుపొచ్చేది, కానీ అవ్వ ముందు ఏడవడానికి భయం. తాత మాత్రం ఆఫీసరుకు మతిమరుపని, గుర్తురాగానే వస్తాడని చివరిదాకా అనేవాడు. అవ్వ ఆకు వేసుకోవడం మానేసింది.

అవ్వ పోయిన రోజున పాడె కూడా గేటు మీదుగానే చుట్టు తిప్పాల్సొచ్చింది. గేటు పడి ఉంది. గూడ్సుబండి పోయేదాకా పాడె భుజాలమీదే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ గేటు లేదు, కార్ఖానా సంగు లేదు, ఆకు తీసుకుంటే మాట ఇచ్చినట్టే అనుకునే మనుషులు అసలే లేరు. మొన్న అపార్టుమెంటు మీటింగులో, ఇళ్లల్లో పనికి వచ్చే ఆడవాళ్లు వెనకనుంచే వస్తారు, అటు చిన్న గేటు వదలండి నాయనా అన్నాను. సెక్రెటరీ కుర్రాడు మంచివాడే, నన్ను అరవంలో అవ్వా అనే పిలుస్తాడు. "పాక్కలాం పాట్టీ, మొదట కాఫీ తీసుకోండి" అని నవ్వుతూ గ్లాసు అందించబోయాడు.

నేను చేతులు రెండూ ఒళ్లోనే పెట్టుకున్నాను.

"ముందు రాసియ్యి నాయనా."