గోడ కింద తూము

మంచుకు తడిసిన గడ్డిలోంచి ఆడ కౌజుపిట్ట పిలుపు వినిపించింది. నేను వెళ్ళి చూస్తే పిట్ట లేదు. గోడ వారన బోర్లా పడుకుని, పెదాల మీద రెండు వేళ్ళు ఆనించుకున్న గవరయ్య ఉన్నాడు.

శ్రీకాకుళం నుంచి వచ్చి బడ్జ్ బడ్జ్ అనే ఊళ్ళో జనపనార మిల్లులో చేరింది మొదలు, ఇరవై ఏళ్ళుగా ఆదివారం వేట మిల్లు వెనక బీడులోనే. తొంభై నాలుగులో ఆ బీడును ఎవరో కొన్నారు. చుట్టూ గోడ లేచింది. తోటి వేటగాళ్ళు వలలు చేపలవాళ్ళకు ఇచ్చేశారు.

"పిట్టలకి సీటీ రాసి రమ్మంటావేటి?" అని పొద్దున భార్య సన్యాసమ్మ వెక్కిరించింది.

"నువ్వు మసాలా నూరి ఉంచు," అన్నాడు గవరయ్య.

గోడ అడుగున, లోపలి వాననీరు బయటికి పోయే తూము ఈ చలికాలంలో ఎండి ఉంది. దాని నోటికి వల కట్టి మళ్ళీ పిలిచాడు. అవతల గడ్డి గుసగుసలాడింది. కౌజుకు ఎగరడం కన్నా నడకే ఇష్టం. తూము చీకట్లోంచి ఒకటి, దాని వెనకే మరొకటి వలలోకి నడిచొచ్చాయి.

"బీడు కొన్నవాళ్ళు తూము మూసేస్తే?" అని అడిగాను.

ఆయన వల ముడి బిగిస్తూ నవ్వాడు.

"మూసీమను బాబూ. ఒక్క గట్టి వాన పడితే ఆళ్ళే తెరుస్తారు."